ద్వారకాపురవర్ణనము - కుచేలుని రాక

ఆంధ్రకావ్యములలోఁ బురవర్ణనము లేనిది మిక్కిలి యరుదు. దండి తన కావ్యాదర్శమునఁ జెప్పిన వర్ణనములలో నగరము మొదటిది. దాని వెంటనే చెప్పఁబడినది సముద్రము. ఈ రెండును వేర్వేఱుగా వర్ణింపఁబడిన కావ్యము లెన్నియో కలవు. కోట మిన్ను ముట్టును. అగడ్త పాతాళము నంటును. మేడలమీఁది టెక్కెములు సూర్యుని గుఱ్ఱములకు విసనకఱ్ఱ లగును. ఆపైని నాలుగు వర్ణములవారును, వారాంగనలును, పుష్పలావికలును వరుసగా వచ్చి తమ తమ పద్యములు చెప్పించుకొని పోవుదురు. పేరు మార్చినచో నొక పట్టణపు వర్ణనము మఱియొక పట్టణమునకుఁ జక్కఁగా సరిపోవును. కావుననే పాఠము చెప్పు పండితులు పురవర్ణనమును ద్వరగా దాఁటించి విద్యార్థిని గథలోనికిఁ గొనిపోవుదురు. ఈ యలవాటునకుఁ గారణము లేకపోలేదు. ప్రబంధములలోఁ బెక్కింటికి దానివలన నష్టమును లేదు.

అయినను నగరమును సముద్రమును నొక్కటియైన తావొకటి పురాణవాఙ్మయమునఁ గలదు. అది ద్వారక. పోతనామాత్యుఁడు దానిని భాగవత దశమస్కంధ పూర్వభాగమున వర్ణించెను. ఆ నగరమునకుఁ బేదబ్రాహ్మణుఁ డొకఁడు చింపిగుడ్డ కొంగున నటుకులు కట్టుకొని వచ్చిన కథ యుత్తరభాగమున నున్నది. రెంటికి నడుమ రుక్మిణీకల్యాణము మొదలుకొని కథ లెన్నియో కలవు. పాఠశాలలలోఁ గుచేలోపాఖ్యానమును విడిగాఁ దీసి చెప్పుట వాడుక. ద్వారకావర్ణనమును జెప్పుట వాడుక కాదు. ఈ రెంటిని విడఁదీసినచో రెండవదానికి లోపము కలుగునా, కలుగదా యనునదియే యిచటి విచారము.

ఈ ప్రశ్న తెలంగాణపు లోనాడులకుఁ బ్రత్యేకముగా సంబంధించినది. కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ సముద్రమునకు రెండువందల మైళ్లకు మించిన దూరమున నున్న యూరు. అచటఁ గుచేలోపాఖ్యానమును జదువు బాలురలోఁ జాలమంది సముద్రమును జూచి యుండరు. "సముద్రమధ్యమున నగరము" అనఁగా వారి మనసునఁ దోఁచున దేమి? ఆ ప్రాంతమున నీటికిఁ గొదవ లేదు. 1923వ సంవత్సరమున మొదలిడి 1931వ సంవత్సరమున ముగించిన నిజాంసాగరము, మంజీరానదికి నడ్డముగా నచ్చంపేటయొద్దఁ గట్టఁబడినది. దాని కాలువనీటఁ బండు వరిమళ్లలో బాన్సువాడవి ముఖ్యమైనవి. వర్షర్తువున నా కట్టపై నిలిచి చూచువానికి నావలియొడ్డు కానరాదు. మఱియు నా నీటిక్రింద నొకప్పు డూళ్లుండెననియు, వానిని ఖాళీ చేయించి జలాశయమును నింపిరనియు నచటివారికిఁ దెలియును. కావున నచటి బాలుఁడు సముద్రము నెఱుఁగక పోయినను, నీటికి నూరికిఁ గల సంబంధమును బండితు లనుకొనుదానికంటె నెక్కువగానే యెఱుఁగును. ఈ సంగతి ముందు మరల నక్కఱకు వచ్చును.

ద్వారక యేల కట్టఁబడెను? జరాసంధుఁడు పదునేడు మాఱులు మథురపైకి దండెత్తి యోడిపోయెను. పదునెనిమిదవ మాఱు రానున్న సమయమునఁ గాలయవనుఁడు మూఁడుకోట్ల మ్లేచ్ఛసైన్యముతో వచ్చి మథురను ముట్టడించెను. ఇరువురి నడుమఁ జిక్కిన బంధుజనమునకు నెవ్వరికిని జొరరాని చోటొకటి కావలయును. అందులకై శ్రీకృష్ణుఁడు సముద్రమునఁ బండ్రెండు యోజనముల నేలను సంపాదించి విశ్వకర్మచే నగరము నిర్మింపించి, యోగప్రభావమున జనులను రాత్రికి రాత్రి యచటికిఁ జేర్చెను. రాజనీతిశాస్త్రములు చెప్పు దుర్గములలో నిది జలదుర్గము. అనఁగా ద్వారక విహారమునకై పుట్టిన పట్టణము కాదు, వెఱపునఁ బుట్టిన పట్టణము.

ఈ మాట కొందఱికి వింతగాఁ దోఁపవచ్చును. ఏలయనఁగాఁ దెలుఁగు పాఠకునకు ద్వారక శృంగారమునకుఁ బుట్టినిల్లు. నంది తిమ్మన పారిజాతమును నాటించినది ద్వారకలో సత్యభామ పెరటిలోనే. పింగళి సూరన కళాపూర్ణోదయమును మొదలిడినది ద్వారకలోని యుద్యానమునందే. కలభాషిణి యుయ్యెల లూఁగుచుండఁగా రంభానలకూబరుల విమాన మా మీఁదుగాఁ బోయినది. భయమునఁ గట్టిన కోట రెండుమూఁడు తరముల కథకులచేతఁ బడి విలాసభూమి యగుట లోకమున నొక్క ద్వారకకే పట్టిన భాగ్యము కాదు. ఇటలీదేశమునందలి వెనీసునగరమును జూడుఁడు. 452వ సంవత్సరమున హూణరాజగు అత్తిలుఁడు అక్విలేయానగరమును ధ్వంసము చేసెను. 568వ సంవత్సరమున లంబార్డులు దిగివచ్చిరి. ఆ దాడులకుఁ దాళలేక నేలను విడిచి యుప్పుటేటి బురదదిబ్బలపైకిఁ బాఱిపోయిన జనులే యా నగరమును గట్టిరి. బురదలో వేలకొలఁది మ్రాఁకులను దిగఁగొట్టి, వానిపై ఱాతిని బఱచి, నూఱింటికిఁ బైగా నున్న చిన్నదీవులపై మేడలు లేపిరి. వీథులకు మాఱుగాఁ గాలువలు, బండ్లకు మాఱుగాఁ బడవలు. నేఁడు కొత్తదంపతు లా కాలువలలో విహరింపఁ బోవుదురు. ఆ మ్రాఁకులను దిగఁగొట్టినవారు విహారమునకై కొట్టలేదు.

వెనీసువారికిఁ దెలుఁగుదేశము తెలియని దేశము కాదు. మార్కోపోలో యను వెనీసువర్తకుఁడు పదుమూఁడవ శతాబ్ది చివర మోటుపల్లిరేవును గూర్చి వ్రాసి, యచటి రాణి పాలనమును, వజ్రములను, సన్నని నేఁతను బ్రశంసించెను. ఆ రేవునకే 1244వ సంవత్సరమున గణపతిదేవచక్రవర్తి సముద్రవర్తకుల కభయశాసనము వేయించి యుండెను. కాఁబట్టి కాకతీయుల నాఁటి తెలుఁగువారు సముద్ర మెఱుఁగనివారనుట సరికాదు. కాని సముద్ర మెఱిఁగిన వర్తకులు కావ్యములు వ్రాయలేదు. కావ్యములు వ్రాసినవారిలో నెక్కువమంది చెఱువులనాటివారు. బమ్మెర యోరుగంటి ప్రాంతపుఁ జెఱువులనాడు.

వెనీసువా రేఁటేట నొక పండుగనాఁడు తమ ప్రభువుచేత సముద్రమున నుంగరము వేయించి సముద్రమును బెండ్లాడించెడివారు. 1797వ సంవత్సరమున నెపోలియను వారి ప్రభుత్వమును గూలద్రోయువఱకు నీ యుత్సవము జరిగినది. వారికి సముద్రము భార్య. మన పురాణములలోని వరుస వేఱు. లక్ష్మి పాలకడలి కూఁతురు, రుక్మిణి లక్ష్మీయంశము, కావున శ్రీకృష్ణునకు సముద్రుఁడు మామ. ద్వారకావాస మనఁగా మామగారి నేలపై నల్లుని కాపురము. తెలుఁగిండ్లలో నిల్లరికపుటల్లునికిఁ గల మర్యాద యెంతయో, దాని కాలపరిమితి యెంతయో యెల్లరెఱిఁగినదే. శ్రీకృష్ణుఁ డవతారము చాలించిన పిమ్మట మామ తన నేలను దాను దీసికొనెను.

ఇఁక వర్ణనమునకు వత్తము. పోతన ద్వారక ప్రాకారము నాకసమునకుఁ దోఁబుట్టువుగాఁ జెప్పెను. ఆ ప్రాకారమును మించినదిగాఁ బాతాళముకంటె లోఁతైన పరిఖను జెప్పెను. ఇచట సూక్ష్మదృష్టిగల విద్యార్థి యొక ప్రశ్న వేయవచ్చును. నగరము సముద్రమధ్యమున నున్నది కదా! చుట్టును సముద్ర ముండఁగా మరల నగడ్త యెందులకు? సముద్రమే యగడ్త కాదా? వెనీసునకుఁ గోటగోడ లేదు. నీరే దానికిఁ గోటయైనది. ద్వారకకు మాత్రము నీటిలో నీరు త్రవ్వవలసి వచ్చినది.

దీనికి సామాన్యముగాఁ జెప్పు సమాధానము, ఇది కవిసమయ మనుట. పురవర్ణనమునఁ బ్రాకారము చెప్పినచోఁ బరిఖ చెప్పక తీరదు. చేయి యలవాటునఁ బోయినది. ఈ సమాధానమును గాదనుటకు వీలు లేదు. అయినను మూలముతోఁ బోల్చి చూచినచో నొక విశేషము కానవచ్చును. సంస్కృతభాగవతమున దశమస్కంధము 50వ యధ్యాయమున ద్వారకానిర్మాణము చెప్పఁబడినది. అచట వీథులు, చదుకములు, ఉద్యానములు, మిన్నంటు బంగారుశిఖరములు, స్ఫటికగోపురములు, ధాన్యాగారములు, దేవగృహములు గలవు. దుర్గమనియుఁ జెప్పఁబడినది. పరిఖ మాత్రము చెప్పఁబడలేదు. వ్యాసుఁడు చాలుననుకొన్న సముద్రము పోతనకుఁ జాలలేదు. ఈ యగడ్త కృష్ణాగోదావరుల నడిమి నేలలో, ఓరుగంటి చుట్టుప్రక్కలఁ బుట్టిన యగడ్త. ఓరుగంటికి లోపల ఱాతికోట, వెలుపల మట్టికోట, రెంటికి నగడ్తలు. ఆ కోట 1323వ సంవత్సరమున ఢిల్లీసేనలకు వశమైనది. తరువాతి శతాబ్దమున నా ప్రాంతమునఁ బుట్టిపెరిఁగిన కవికి దుర్గమనఁగానే మనసునకు వచ్చునది యలలు కాదు, నిలిచియున్న పచ్చని యగడ్తనీరు. సముద్రమును జెప్పినను దానిలోఁ దా నెఱిఁగిన నీటినే నింపెను.

నీటినడుమఁ గోట యనునది తెలుఁగుదేశమున లేకపోలేదు. కొల్లేటి నడుమ నున్న యూరికి నేఁటికిని గొల్లేటికోట యనియే పేరు. దండి దశకుమారచరితమున మంత్రగుప్తుని కథలో నాంధ్రనగరమును, దాని చేరువ సముద్రమువంటి సరస్సును వర్ణించెను. తిక్కనకుఁ గృతియిచ్చిన కేతన దానిని దెలిఁగించెను. ఆ కథలోఁ జెఱువులో మునిఁగిన రాజు వేఱు, పైకి వచ్చిన రాజు వేఱు. నీటియడుగున నేమి జరిగినదో యొడ్డున నిలిచినవారికిఁ దెలియదు. చెఱువులనాటి కవిత్వమున నీరు దాచునదియుఁ గాచునదియు. త్రోవ యైన దరుదు.

ద్వారకకు వచ్చినవా రందఱును దీనికి సాక్షులు. రుక్మిణి పంపిన బ్రాహ్మణుఁడు, పోతన యగ్నిద్యోతనుఁడని పేరిడినవాఁడు, విదర్భనుండి వచ్చి ద్వారపాలకులచేఁ బ్రవేశపెట్టఁబడెను. పడవ యెక్కినట్లు లేదు. నారదుఁడు పదాఱువేల యిండ్ల చోద్యమును జూడవచ్చెను. ఆయనకు నాకసమే బాట. సూరన ప్రబంధమున ద్వారకను జూచువారును బైనుండియే చూతురు. అంతయేల, మథురనుండి మొట్టమొదట వచ్చిన పౌరులకే పడవ లేదు. కన్నులు తెఱచునప్పటికి ద్వారకలో నుండిరి. అలలతాఁకుడు, ఓడరేవు, సరంగుల కేక, యెండుచేఁపల వాసన యేవియు నీ ద్వారకలో లేవు. నేఁటి ద్వారకాయాత్రికు లిట్లు పోలేదు. సౌరాష్ట్రతీరమునఁ గుచేలుఁడు కృష్ణునిఁ గలసిన చోటని జనులు చెప్పుకొను బేటుద్వారక దీవి. 2024వ సంవత్సరమున వంతెన తెఱవఁబడువఱకు నోఖారేవునుండి పడవలపైననే యచటికిఁ బోవలసి యుండెను. 1980 దశాబ్దమున ఎస్. ఆర్. రావుగారి నాయకత్వమున నా తీరమున సముద్రగర్భమును శోధించినవారికి ఱాతిలంగరులును ఱాతికట్టడపు శిథిలములును గనఁబడెను. వాని కాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు గలవు. కాలనిర్ణయ మెట్లున్నను లంగరులున్నచోట నోడలుండెననుట నిశ్చయము. పురాణపు ద్వారకలో మాత్ర మొక్క లంగరును లేదు.

ఇది కవుల లోపమని యాక్షేపించు నవీనవిమర్శకు లుండవచ్చును. ఆ యాక్షేపమునకుఁ దొందరపడరాదు. ద్వారకవీథులను నీరుగాఁ జూచిన చోటొకటి వ్యాసభారతమున నున్నది. అది మౌసలపర్వము. యాదవులు ముసలమున నశించిన పిమ్మట నర్జునుఁడు ద్వారకకు వచ్చెను. అప్పు డతని కంటికి నగరము నదివలెఁ దోఁచినది. వృష్ణ్యంధకులు నీరు, గుఱ్ఱములు చేఁపలు, రథములు తెప్పలు, రత్నములు నాచు, వీథులు ప్రవాహములును సుడులును, చదుకములు కదలని మడుగులు. రూపకము ముగియుచోట నా నది వైతరణి. ఇంతకాలము నీటి నడుమ నుండియు నీటి యూసెత్తని నగరము, పాలించువాఁడు లేనినాఁడు తానే నీరైనది. సముద్రము నిజముగా వచ్చుట కింకను దినములున్నవి. కవితలో ముందే వచ్చినది. ఏడవనాఁటి యుదయమున బయలుదేఱవలయునని యర్జునుఁ డచటివారికిఁ జెప్పెను. స్త్రీలను, బాలురను, వృద్ధులను వెంటఁబెట్టుకొని యతఁడు కదలఁగా, వారు విడిచిన భాగమును విడిచినట్లు సముద్రము ముంచివేసినది.

తిక్కన తెలిఁగించిన పదునైదు పర్వములలో మౌసలపర్వ మొకటి. దీనిని బాఠముగాఁ జెప్పుట మిక్కిలి యరుదు. అమంగళకథయని పలువురు విడిచిపెట్టుదురు. కాని నిజాంసాగరపుఁ గట్టక్రింద నున్న బాన్సువాడవంటి యూరఁ జదువు విద్యార్థికి దీనికంటెఁ దెలిసిన కథ యేది? గడువు చెప్పుట, సామానులు బండ్ల కెత్తుట, ముసలివారు వెనుకకుఁ దిరిగి చూచుట, నడచి వచ్చిన త్రోవపై నీరు నిలుచుట, ఇవి యతని తాతముత్తాతల కాలపు సంగతులు. సముద్రమును జూడని బాలుఁడు ద్వారక నెట్లు గ్రహించునని శంకించు పండితుఁడు మౌసలపర్వమును దెఱచి చెప్పిచూచుఁగాక. వెనీసునకును నీ భయము తీఱలేదు. 1966వ సంవత్సరము నవంబరు 4వ తేదీన నచట సముద్రము మామూలుమట్టమునకుఁ బైని 194 సెంటీమీటరు లెత్తున లేచి యిండ్లలోఁ జొచ్చినది. 2020వ సంవత్సరము అక్టోబరునుండి యుప్పుటేటి ముఖద్వారములయొద్ద నినుపతలుపులు లేపి పోటునీటి నడ్డగించుచున్నారు.

మునుఁగుటలో భారతమునకు భాగవతమునకు నొక భేదము కలదు. మౌసలపర్వమున నగరమంతయు మునిఁగినది. సంస్కృతభాగవతమున నేకాదశస్కంధము చివర సముద్రము ద్వారకను ముంచునప్పుడు శ్రీకృష్ణుని మందిరమును మాత్రము విడిచినది. మామగా రల్లుని గది కదపలేదనవలయును. కుచేలుఁడు కూర్చుండినది యే మందిరమందో మూలము చెప్పలేదు. పదాఱువేల యిండ్లుగల నగరమున నట్టి ప్రశ్నకు నుత్తరము వెదకుటయు వ్యర్థమే.

కుచేలుని రాకను జూతము. మూలమున నిది మిక్కిలి పొట్టిగా నున్నది. అటుకులు తీసికొని బయలుదేఱిన బ్రాహ్మణుఁడు, కృష్ణదర్శనము తన కెట్లు లభించునని తలపోయుచుఁ ద్వారకకుఁ బోయెనని యొక్క శ్లోకము. మూఁడు కావలిపటాలములను, మూఁడు కక్ష్యలను దాఁటెనని మఱియొకటి. తలపోఁత యేమియో వ్యాసుఁడు చెప్పలేదు. పోతన దానిని దెఱచి చూపెను. ఆ సీసమునఁ గుచేలునికిఁ గలిగిన శంక లివి: ఆ పట్టణమున నడుగుపెట్టుట యెట్లు? పెట్టినను నంతఃపురమున నున్నవానిఁ గాంచుట యెట్లు? కావలివాండ్రు, ఎక్కడివాఁడవు, ఎందులకు వచ్చితివని నిలిపినచో నేమి చెప్పవలయును? వారి చేతిలో నేదైనఁ బెట్టుదమన్నఁ దనయొద్ద నేమున్నది? పరమభక్తుని నోట లంచపు మాట వచ్చుట కొందఱికిఁ గష్టముగాఁ దోఁచును. పాఠము చెప్పుచోట దీనిని దాఁటవేయువారును గలరు. దాఁటవేయుట తగదు. కచ్చేరి గడపలో నొక్కసారియైన నిలిచిన బీదవాఁ డెవ్వఁడైనను నీ పద్యము నప్పటికప్పుడే గ్రహించును. పోతన భక్తికవి యనుట నిజము. దివాణములను వెలుపలినుండి చూచిన కవి యనుటయు నంతియే నిజము.

ఇచటఁ బూర్వభాగమునఁ జదివిన ప్రాకారపరిఖలు మరల జ్ఞప్తికి రావలయును. మూలమున లేని పరిఖను ద్రవ్వినవాఁడు పోతన. మూలమునఁ బేరు పెట్టని భయమునకుఁ బేరు పెట్టినవాఁడును బోతనయే. ఈ రెండు చేర్పులును నొకదాని నొకటి యెదుర్కొని నిలిచియున్నవి. కవి బుద్ధిపూర్వకముగా నిట్లు కూర్చెనని సిద్ధాంతము చేయుట కాధారము లేదు. నడుమఁ జాల గ్రంథ మున్నది. చదువరి మనసున మాత్రము రెండును గలియును, కలియఁదగును. కాలయవనునికై లేపిన కోట యాకసమునకుఁ దోఁబుట్టువు కావచ్చును. కాలయవనుఁ డా కోటను జూడనే లేదు, పర్వతగుహలో ముచికుందుని కంటిమంటకు నాహుతి యయ్యెను. ఆ కోటను జూచి వెఱచినవాఁడు సాందీపనియొద్దఁ దోడఁ జదివిన బాల్యమిత్రుఁడు. శత్రువునకై కట్టిన గోడ మిత్రునికి నడ్డము వచ్చినది. ద్వారకావర్ణనమును జదువని విద్యార్థికిఁ గుచేలుని శంక వట్టి పిఱికితనముగాఁ దోఁచును. చదివినవానికి నా శంక కొలఁత తెలియును: ఒకవైపు పాతాళముకంటె లోఁతైన యగడ్త, రెండవవైపు చారెఁ డటుకులు.

అటుకులను గూర్చి బాన్సువాడవారికి వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. వడ్లు నానఁబెట్టి వేఁచి దంచిన యాహారము. సేద్యగానియింట బీదతనమునను మిగులునది. పొరుగువారియింట నడిగి తెచ్చి యిల్లాలు కట్టి పంపినదని మూలము. ఇంతటి కోటలోనికి నింతటి కానుక. పోతన ద్వారమును దాఁటించుట నాలస్యము చేయలేదు. కక్ష్యాంతరములు గడచుటయు, దూరమునఁ బాన్పుపై నున్న కృష్ణుఁడు చూచుటయు వెంటవెంటనే జరిగినవి. తలఁచిన శంకలలో నొక్కటియు నిజము కాలేదు; ఏ కావలివాఁడును నడుగలేదు. శంకలకు సీసమంత చోటిచ్చి, ప్రవేశమున కొక్కింతయే చోటిచ్చిన యీ తూకము మెచ్చఁదగినది. కృష్ణుఁడు పాన్పు దిగి యెదురు వచ్చెను. గోడలను దాఁటి లోపలికి వచ్చువాని శ్రమ సగము, లోపలినుండి దిగివచ్చువాని తొందర సగము.

కొందఱు వ్యాఖ్యాత లీ కథ ఫలమును సంపదలో వెదకుదురు. కుచేలుఁ డేమియు నడుగక మరలిపోయి తన గుడిసె యుండినచోటఁ గొత్త భవనమును గాంచుట నిజమే. ఆ సీసపద్యమును సంపదకై కాక, ద్వారకావర్ణనముతోఁ బోల్చుటకై చదివినచో వేఱు సంగతి కానవచ్చును. విశ్వకర్మ పనితనము రెండుచోట్లఁ జదువరి కొకే తీరుగాఁ దోఁచును: సౌధములు, ఉద్యానములు, చిలుకలు, నెమిళ్లు. ద్వారకయే చిన్నదై పేదవాని పల్లెకు నడచివచ్చినట్లున్నది. అయితే వచ్చినదంతయు ద్వారక కాదు. ఆ పద్యమునఁ బోతన యెన్నినవి నాలుగు: సూర్యచంద్రులవలె వెలుఁగు మేడలు, పక్షులు కూయు తోఁటలు, తామరలు, కలువలు విరిసిన కొలఁకులు, నగలు దాల్చిన పరిచారకులు. మూలమునను నివియే నాలుగు గలవు. ప్రాకారము లేదు, పరిఖ లేదు, గవనివాకిలి లేదు. నీరున్నది, అది దిగి స్నానము చేయఁదగిన నీరు. కుచేలుఁ డదియెవ్వరి యిల్లో యని వెలుపల నిలిచి విస్మయమందుచుండఁగాఁ గావలివాఁ డెవ్వఁడును వచ్చి యెక్కడివాఁడవని యడుగలేదు. ఇల్లాలే యెదురు వచ్చినది.